గ్రీస్ 2015: వద్దని ఓటేసిన వారానికే ఒప్పుకున్న దేశం

2015 జులై 5, ఆదివారం. అప్పులిచ్చినవాళ్ళు పెడుతున్న షరతులకు ఒప్పుకుందామా వద్దా అని గ్రీస్ ప్రభుత్వం తన ప్రజల్ని అడిగింది. నూటికి 61 మందికి పైగా వద్దన్నారు. వద్దనమని ఊరూరా ప్రచారం చేసింది స్వయంగా ప్రధాని అలెక్సిస్ సిప్రాసే. సరిగ్గా ఎనిమిది రోజులకు, జులై 13 ఉదయం, అదే ప్రధాని ఐరోపా యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌లో అంతకంటే కఠినమైన షరతులకు ఒప్పుకుని బయటికొచ్చారు. ఇక ఆయన పని అయిపోయిందనే చాలామంది అనుకున్నారు. సెప్టెంబర్ 20న మళ్ళీ ఎన్నికలు పెడితే జనం మళ్ళీ ఆయన్నే గెలిపించారు.

ఈ మూడు తేదీలకూ పొంతన కుదరదు. అందుకే అప్పట్లో రెండు వివరణలు బాగా చెల్లాయి. గ్రీకులు కష్టపడరు, అప్పు ఎగ్గొట్టబోయి చివరికి దారికొచ్చారు అన్నది ఒకటి. సిప్రాస్ జనాన్ని నమ్మించి మోసం చేశారన్నది రెండోది. మొదటిది పచ్చి అన్యాయం. రెండోదాంట్లో కొంత నిజం ఉంది, కానీ అసలు కారణం అందులో దొరకదు. దానికోసం నాయకుల ప్రసంగాలను పక్కనపెట్టి, ఆ దేశపు బ్యాంకుల్లోకి డబ్బు ఎక్కడినుంచి వస్తోందో చూడాలి.

అప్పు ఎవరిది, డబ్బు ఎటు పోయింది

గ్రీస్ 2001లో యూరోలో, అంటే ఐరోపా దేశాల ఉమ్మడి కరెన్సీలో, చేరింది. చేరాక దానికి చాలా తక్కువ వడ్డీకి అప్పు పుట్టింది. ఫ్రాన్స్, జర్మనీ బ్యాంకులు గ్రీస్ ప్రభుత్వ బాండ్లను, అంటే అప్పు పత్రాలను, ధారాళంగా కొన్నాయి. ఏథెన్స్‌లో వరసగా వచ్చిన ప్రభుత్వాలు ఆ డబ్బు ఖర్చుపెట్టాయి, పన్నులు సరిగ్గా వసూలు చేయలేదు, లెక్కలు తప్పుగా చూపించాయి. 2009 అక్టోబర్‌లో గెలిచిన కొత్త ప్రభుత్వం అసలు ద్రవ్యలోటు జీడీపీలో 12 శాతం దాటిందని బయటపెట్టింది. తర్వాత సవరించిన లెక్కల్లో అది 15 శాతం పైకి వెళ్ళింది. ఈ తప్పు అక్కడి పాలకులదే. ఇందులో వెనకేసుకు రావడానికి ఏమీ లేదు.

దాంతో మార్కెట్లో అప్పు పుట్టడం ఆగిపోయింది. 2010 మేలో యూరో దేశాలు, అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) కలిసి 110 బిలియన్ యూరోల బెయిలౌట్, అంటే షరతులతో ఆదుకునే అప్పు, ప్రకటించాయి. 2012లో ఇంకో 130 బిలియన్లు. ఇంత డబ్బు వచ్చినా గ్రీకుల బతుకులు ఎందుకు బాగుపడలేదని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ డబ్బులో ఎక్కువ భాగం పాత బాకీలూ వడ్డీలూ తీర్చడానికి, కుప్పకూలిన బ్యాంకులకు మూలధనం సమకూర్చడానికే పోయింది. స్కూళ్ళకూ ఆస్పత్రులకూ మిగిలింది కొంచెమే. 2012లో ప్రైవేటు బాండ్లదారులు అసలులో సగానికి పైగా వదులుకోవాల్సి వచ్చింది గానీ, అప్పటికే చాలా విదేశీ బ్యాంకులు తమ బాండ్లు తగ్గించుకున్నాయి. ఆ దెబ్బ తగిలినవాళ్ళలో గ్రీస్ సొంత బ్యాంకులు, పెన్షన్ నిధులు కూడా ఉన్నాయి.

ఇలా బ్యాంకుల నెత్తిన ఉండాల్సిన నష్టభయం మెల్లగా ఐరోపా పన్ను కట్టేవాళ్ళ నెత్తికి మారింది. 2015 నాటికి గ్రీస్ అప్పు సుమారు 320 బిలియన్ యూరోలు. అందులో యూరో దేశాల ఉమ్మడి నిధికి ఇవ్వాల్సిందే దాదాపు 131 బిలియన్లు. ఆ దేశాలు విడివిడిగా ఇచ్చింది ఇంకో 53 బిలియన్లు. ఈ మార్పు జరక్కపోయి ఉంటే 2015లో తగాదా గ్రీస్‌కీ కొన్ని బ్యాంకులకీ మధ్య ఉండేది. జరిగింది కాబట్టి జర్మన్ ఓటరుకీ గ్రీకు ఓటరుకీ మధ్య పడింది. ఆ ఏడాది కనిపించిన విద్వేషానికి చాలావరకు మూలం ఇదే అని నేను అనుకుంటాను.

అప్పుతోపాటు వచ్చిన పొదుపు షరతుల ఫలితం భయంకరంగా ఉంది. దేశ ఆదాయం దాదాపు పావు వంతు పడిపోయింది. పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. యువతలో సగం మందికి ఉద్యోగాల్లేవు. కనీస వేతనాన్ని నెలకు 751 యూరోల నుంచి 586కు కోశారు. పెన్షన్లకు పదే పదే కోత పడింది. పని పోయిన కొడుకూ కోడలూ ముసలాయన పెన్షన్ మీద బతికే ఇళ్ళు ఎన్నో. ఆదాయం ఇలా కుంగిపోవడంతో, ప్రైవేటు అప్పు కొంత మాఫీ అయినా, జీడీపీతో పోలిస్తే అప్పు ఇంకా బరువెక్కి 180 శాతం దగ్గరికి చేరింది.

జనవరి గెలుపు, ఫిబ్రవరి చిక్కు

2014 డిసెంబర్ చివర్లో గ్రీస్ పార్లమెంటు మూడోసారి కూడా దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకోలేకపోయింది. అప్పటి రాజ్యాంగం ప్రకారం అలా జరిగితే పార్లమెంటును రద్దు చేయాల్సి ఉండేది. 2015 జనవరి 25న జరిగిన ఎన్నికల్లో సిరిజా అనే వామపక్ష కూటమి 36 శాతం ఓట్లతో 300లో 149 సీట్లు గెలిచింది. మొదటి స్థానంలో నిలిచిన పార్టీకి అప్పట్లో అదనంగా 50 సీట్లు కలిపి ఇచ్చేవాళ్ళు. అయినా మెజారిటీకి రెండు తగ్గాయి. భావజాలంలో తమకు పూర్తిగా అటువైపున ఉన్న, కానీ బెయిలౌట్‌ను అంతే గట్టిగా వ్యతిరేకించే ఒక చిన్న మితవాద పార్టీతో సిరిజా చేతులు కలిపింది. 40 ఏళ్ళ సిప్రాస్ ప్రధాని అయ్యారు. ఆర్థికశాస్త్రం బోధించే యానిస్ వరూఫాకిస్ ఆర్థికమంత్రి అయ్యారు.

వాళ్ళు జనానికి ఇచ్చిన మాట రెండు ముక్కలు. పొదుపు షరతులు ఆపేస్తాం, యూరోలోనే ఉంటాం. గ్రీకుల్లో అత్యధికులు ఈ రెండూ కోరుకున్నారు. తప్పేమీ లేదు. కానీ ఆ రెండూ ఒకేసారి కుదరాలంటే అప్పులిచ్చినవాళ్ళు కూడా ఒప్పుకోవాలి. వాళ్ళ చేతిలో ఏముందో పది రోజుల్లోనే తేలిపోయింది.

ఇక్కడ మన 1991 గుర్తు చేసుకుంటే విషయం బాగా తెలుస్తుంది. అప్పుడు ప్రధాని పి.వి. నరసింహారావు, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్. దిగుమతులకు కొన్ని వారాలకు మించి విదేశీ మారకం లేదు. బంగారం విదేశాలకు పంపి తాకట్టు పెట్టారు, ఐఎంఎఫ్ దగ్గర అప్పు తీసుకున్నారు, జులైలో రెండు రోజుల తేడాతో రెండుసార్లు రూపాయి విలువ తగ్గించారు. ఆ అవమానం చిన్నది కాదు. కానీ దేశంలోపల బ్యాంకులకు రూపాయలు ఇవ్వడానికి మన రిజర్వు బ్యాంకు ఉంది. రూపాయి విలువ ఎంత ఉండాలో నిర్ణయించడం మన చేతిలో ఉంది. 2015 గ్రీస్‌కు ఈ రెండూ లేవు. దాని డబ్బు యూరో. ఆ యూరో మీద అధికారం ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఐరోపా కేంద్ర బ్యాంకుది, అంటే ఈసీబీది.

ఫిబ్రవరి 4న ఈసీబీ ఒక ప్రకటన చేసింది. గ్రీస్ ప్రభుత్వ బాండ్లను ఇకమీదట మామూలు పద్ధతిలో తాకట్టుగా తీసుకోబోమని. బ్యాంకులు రోజువారీ నగదు కోసం తమ దగ్గరున్న బాండ్లను కేంద్ర బ్యాంకు దగ్గర పెట్టి డబ్బు తెచ్చుకుంటాయి. ఆ తలుపు మూసుకుంది. మిగిలింది అత్యవసర సహాయం ఒక్కటే. దాన్ని గ్రీస్ కేంద్ర బ్యాంకు ఇస్తుంది, కానీ ఎంత ఇవ్వాలో ఈసీబీ ఎప్పటికప్పుడు నిర్ణయిస్తుంది. అంటే గ్రీస్‌లో ఏటీఎంలు పనిచేయాలా వద్దా అన్నది ఫ్రాంక్‌ఫర్ట్‌లో తేలే విషయం అయిపోయింది.

దీనికి తోడు జనం డబ్బు తీసేసుకోవడం మొదలైంది. రేపు యూరో పోయి గ్రీస్ పాత కరెన్సీ డ్రాక్మా వస్తే తమ పొదుపు విలువ సగమైపోతుందన్న టెన్షన్ వాళ్ళది. 2014 చివరి నుంచి 2015 జూన్ దాకా 40 బిలియన్ యూరోలకు పైగా డిపాజిట్లు బయటికెళ్ళాయి. ఎంత డబ్బు బయటికెళ్తే అంత అత్యవసర సహాయం పెరగాలి. అది పెరిగేకొద్దీ ఈసీబీ మాటకు బలం పెరిగింది. ప్రభుత్వం చర్చల్లో గట్టిగా నిలబడిన ప్రతి వారం బ్యాంకుల ముందు వరస పెరిగేది. వరస పెరిగేకొద్దీ గట్టిగా నిలబడే శక్తి తగ్గేది. ఇంకొక్క మెట్టు దిగకూడదని సిప్రాస్ అనుకుంటున్న సమయంలోనే ఆయన కాళ్ళ కింద నేల కరిగిపోతోంది.

ఫిబ్రవరి 20న బెయిలౌట్ గడువును జూన్ 30 దాకా పొడిగించారు. ఆ నాలుగు నెలలూ చర్చలు ఒక్క ముక్క దగ్గరే ఆగిపోయాయి. ముందు పెన్షన్లు, వ్యాట్ సంగతి తేల్చండి, అప్పు తగ్గింపు గురించి తర్వాత మాట్లాడదాం అన్నారు జర్మనీ ఆర్థికమంత్రి వోల్ఫ్‌గాంగ్ షాయిబ్ల, ఆయనతో ఏకీభవించే మంత్రులు. ఇంత అప్పు ఎప్పటికీ తీరదని తెలిసీ కోతలు పెట్టడం ఎందుకు, ముందు అప్పు సంగతే మాట్లాడదాం అన్నారు వరూఫాకిస్. ఆర్థిక లెక్క ప్రకారం వరూఫాకిస్‌దే సరైన వాదన. జులై 2న ఐఎంఎఫ్ విడుదల చేసిన విశ్లేషణ కూడా అప్పు భారం తగ్గించక తప్పదనే చెప్పింది. కానీ వాదన సరైనదైతే చాలదు, అవతలివాళ్ళకు కూడా ఇంట్లో ఓటర్లు ఉంటారు.

ఈ సంగతి గ్రీస్ మిత్రులు తరచూ మరిచిపోతారు. స్లొవేకియానే చూడండి. 2009లో యూరోలో చేరిన పేద దేశం. గ్రీస్‌లో కనీస వేతనాన్ని 586కు కోశారని మనం బాధపడుతున్నాం. 2015లో స్లొవేకియా కనీస వేతనం 380 యూరోలు. 2011లో యూరో ఉమ్మడి నిధిని విస్తరించే విషయం మీదే అక్కడ ఒక ప్రభుత్వం కూలిపోయింది. ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా అనే బాల్టిక్ దేశాలు సొంతంగా కఠినమైన కోతలు అనుభవించి వచ్చాయి. మేం పడ్డాం, మీరెందుకు పడరు అన్న వాళ్ళ కోపం షాయిబ్ల పట్టుదల కంటే ఏమీ తక్కువ కాదు. ఆ బల్ల చుట్టూ ఉన్న 19 దేశాల్లో గ్రీస్‌తో సానుభూతిగా ఉన్నది ఫ్రాన్స్ లాంటి ఒకటి రెండు దేశాలే.

అరవై యూరోలు

జూన్ 26 అర్ధరాత్రి దాటాక సిప్రాస్ టీవీలోకి వచ్చి రెఫరెండం, అంటే జులై 5 నాటి ఆ ప్రజల ఓటు, ప్రకటించారు. మరుసటి రోజు తెల్లవారకముందే ఏటీఎంల ముందు మనుషులు నిలబడ్డారు. 28న ఈసీబీ అత్యవసర సహాయాన్ని ఉన్నచోట ఆపేసింది. అప్పటికి దాని పరిమితి దాదాపు 89 బిలియన్లు. అంతకుమించి పైసా ఇవ్వబోమంది. 29 నుంచి బ్యాంకులు మూతపడ్డాయి. ఒక కార్డు మీద రోజుకు 60 యూరోలే తీసుకోవచ్చు. విదేశాలకు డబ్బు పంపడానికి వీల్లేదు. దిగుమతి చేసుకునే వ్యాపారులు సరుక్కి డబ్బు కట్టలేకపోయారు.

మన నోట్ల రద్దు రోజుల వరసలు చూసినవాళ్ళకు ఇది తెలిసిన దృశ్యంలాగే ఉంటుంది, కానీ రెంటికీ పెద్ద తేడా ఉంది. గ్రీస్‌లో చేతిలో ఉన్న నోటు చక్కగా చెల్లుతుంది. బ్యాంకుకే నోటు దొరకదు, దాన్ని ముద్రించే అధికారం దేశానికి లేదు. ఎక్కువ నలిగింది కార్డులు లేని వృద్ధులు. వాళ్ళకోసం జులై 1 నుంచి సుమారు వెయ్యి శాఖల్ని ప్రత్యేకంగా తెరిచి, ఒక్కొక్కరికి 120 యూరోల దాకా ఇచ్చారు. జీవితమంతా పనిచేసి దాచుకున్న మనిషి తన డబ్బులో ఆ కొంచెం కోసం బ్యాంకు గుమ్మంలో గంటలు నిలబడాల్సి రావడం ఏ విధాన పత్రంలోనూ రాయని శిక్ష.

జూన్ 30న ఐఎంఎఫ్‌కు కట్టాల్సిన దాదాపు 1.5 బిలియన్ యూరోల బాకీ గ్రీస్ కట్టలేదు. అభివృద్ధి చెందిన దేశం ఒకటి ఐఎంఎఫ్ దగ్గర అలా బాకీ పడటం అదే మొదటిసారి. అదే రాత్రి పాత బెయిలౌట్ గడువు కూడా తీరిపోయింది. దాంతో ఒక విచిత్రమైన పరిస్థితి వచ్చింది. జనాన్ని ఓటడుగుతున్నది జూన్ 25 నాటి ప్రతిపాదన గురించి. ఓటు వేసే రోజుకి ఆ ప్రతిపాదనే బల్ల మీద లేదు. వద్దు అంటే మంచి ఒప్పందం కోసం బలం అని సిప్రాస్ చెప్పారు. వద్దు అంటే యూరో నుంచి బయటికే అని బెర్లిన్, బ్రస్సెల్స్ చెప్పాయి. 62 శాతం మంది ఓటేశారు. ఏటీఎం వరసలో నిలబడి విసిగిపోయిన జనం భయపడి అవునంటారని చాలామంది అంచనా వేస్తే, వాళ్ళు 61.3 శాతం మెజారిటీతో వద్దన్నారు.

అది పిచ్చితనం కాదు. అయిదేళ్ళుగా తమ గురించి తమను అడగకుండా నిర్ణయాలు జరిగిపోతుంటే, మొదటిసారి అడిగినప్పుడు జనం చెప్పిన జవాబు అది. ఆ జవాబును గౌరవించే ఏర్పాటు ప్రభుత్వం దగ్గర లేకపోవడమే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. యూరో నుంచి బయటికి వెళ్ళాల్సి వస్తే మందులు, ఇంధనం ఎలా కొనాలి, కొత్త నోట్లు ఎన్నాళ్ళకు వస్తాయి అన్న దానికి అమలు చేయగలిగిన సన్నాహం లేదు. ఓటు సిప్రాస్ చేతికొచ్చింది, దాన్ని వాడే దారి మాత్రం లేదు. మర్నాడే వరూఫాకిస్ రాజీనామా చేశారు. ఆయన చోట యూక్లిడ్ సకలోటోస్ వచ్చారు. జులై 9న ఏథెన్స్ నుంచి వెళ్ళిన కొత్త ప్రతిపాదన, జనం తిరస్కరించిన దానికి చాలా దగ్గరగా ఉంది.

అయినా అది చాలలేదు. నమ్మకం పోయిందన్నారు. గ్రీస్‌ను కనీసం అయిదేళ్ళు యూరో నుంచి బయట ఉంచాలన్న ఆలోచన జర్మనీ ఆర్థికశాఖ కాగితం మీదికి ఎక్కింది. జులై 12 సాయంత్రం మొదలైన యూరో దేశాధినేతల సమావేశం మర్నాడు ఉదయం దాకా, 17 గంటలు సాగింది. ఒక పక్క జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్, ఇంకో పక్క ఫ్రాన్స్ అధ్యక్షుడు ఒలాంద్, మధ్యలో సమావేశానికి అధ్యక్షత వహించిన డొనాల్డ్ టస్క్. తెల్లవారుజామున చర్చలు దాదాపు తెగిపోయినంత పనైంది. 50 బిలియన్ యూరోల విలువైన ప్రభుత్వ ఆస్తుల్ని అమ్మకానికి ఒక నిధిలో చేర్చాలన్న షరతు దగ్గర పెద్ద గొడవ. ఆ నిధి లక్సెంబర్గ్‌లో కాకుండా ఏథెన్స్‌లో ఉండేలా ఒప్పించుకోవడం ఆ రాత్రి సిప్రాస్ సాధించిన కొద్ది విషయాల్లో ఒకటి. వ్యాట్, పెన్షన్ చట్టాలు మూడు రోజుల్లో చేయాలి. చేస్తేనే 86 బిలియన్ల దాకా మూడో బెయిలౌట్ గురించి చర్చలు.

పార్లమెంటులో ఆ చట్టాలు 229 ఓట్లతో గట్టెక్కాయి. సిరిజా సభ్యులే 32 మంది వ్యతిరేకంగా ఓటేశారు. అంటే సిప్రాస్‌ను కాపాడింది ప్రతిపక్షాలు. జులై 20న బ్యాంకులు తెరుచుకున్నాయి, ఐఎంఎఫ్ పాత బాకీ తీరింది, అదే రోజు హోటల్ భోజనం మీద వ్యాట్ 23 శాతమైంది. ఆగస్టు 20న సిప్రాస్ రాజీనామా చేసి ఎన్నికలకు వెళ్ళారు. ఆపద్ధర్మ ప్రధానిగా సుప్రీంకోర్టు అధ్యక్షురాలు వాసిలికి థానూ వచ్చారు. ఆ దేశానికి తొలి మహిళా ప్రధాని ఆమే.

ఇక జనం మళ్ళీ సిప్రాస్‌నే ఎందుకు గెలిపించారు? సిరిజా నుంచి విడిపోయినవాళ్ళు పెట్టిన కొత్త పార్టీ రెఫరెండం తీర్పుకే కట్టుబడతామంది. దానికి 3 శాతం ఓట్లు కూడా రాలేదు, ఒక్క సీటూ దక్కలేదు. మూతపడిన బ్యాంకుల ముందు మూడు వారాలు గడిపిన జనం యూరో వదులుకునే సాహసానికి సిద్ధంగా లేరు. ఒప్పందం ఎలాగూ తప్పదనుకున్నాక, దాన్ని సంతోషంగా అమలు చేసే పాత పార్టీల కంటే ఇష్టంలేకుండా అమలు చేసేవాళ్ళే నయం అనుకున్నారు. సిరిజాకు 35 శాతం ఓట్లు, 145 సీట్లు వచ్చాయి. ఓటింగ్ మాత్రం 57 శాతానికి కూడా చేరలేదు. ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ళ నిరాశ కూడా ఆ తీర్పులో భాగమే.

వరూఫాకిస్ అడిగిన అప్పు సడలింపు కొంతవరకు దొరికింది. 2018 జూన్‌లో, మూడో బెయిలౌట్ ముగియబోతుండగా, పాత అప్పుల్లో కొంత భాగానికి గడువు పదేళ్ళు పెంచారు. డబ్బు తరలింపు మీద 2015లో పెట్టిన ఆంక్షల్లో చివరివి 2019 సెప్టెంబర్‌లో గానీ పోలేదు.

దీవుల్లో ఇంకో లెక్క

బ్యాంకుల గురించి ప్రపంచమంతా మాట్లాడుతున్న ఆ వేసవిలోనే లెస్బోస్, కియోస్, సామోస్, కోస్ దీవుల ఒడ్డుకు రబ్బరు పడవలు వస్తున్నాయి. టర్కీ తీరం నుంచి లెస్బోస్ ఇరుకైన చోట కొద్ది కిలోమీటర్ల దూరమే. సిరియా, అఫ్గానిస్తాన్, ఇరాక్ యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు. ఆ ఒక్క ఏడాదిలో సముద్రం మీదుగా గ్రీస్ చేరినవాళ్ళు 8,50,000 మందికి పైగా. అందులో సగానికి మించి ఒక్క లెస్బోస్‌కే వచ్చారు. ఆ దీవి సొంత జనాభా లక్షకు లోపే.

జీతాలకే డబ్బు వెతుక్కుంటున్న ప్రభుత్వం అంతమందికి నీడ, తిండి, నమోదు కేంద్రాలు ఏర్పాటు చేయలేకపోయింది. అది వాస్తవం. ఆ లోటు చాలావరకు పూడ్చింది జాలర్లు, దీవుల్లోని సాధారణ కుటుంబాలు, దేశదేశాల నుంచి వచ్చిన వాలంటీర్లు. ఒక పూట తిండి పెట్టి, తడిసినవాళ్ళకు బట్టలిచ్చి, ఆ మనుషుల్ని ముందుకు సాగనంపింది పెన్షన్లు కోతపడిన ఇళ్ళే.

ఐరోపా చట్టం ప్రకారం ఆశ్రయం కోరేవాళ్ళ బాధ్యత సాధారణంగా వాళ్ళు మొదట అడుగుపెట్టిన దేశానిదే. సముద్రపు అంచున ఉన్న గ్రీస్, ఇటలీ మీదే బరువంతా పడుతుంది. సెప్టెంబర్‌లో ఐరోపా మంత్రులు దీన్ని కొంత సరిచేసే నిర్ణయం తీసుకున్నారు. రెండు దఫాల నిర్ణయాలు కలిపి 1,60,000 మందిని సభ్యదేశాలు పంచుకోవాలి, అందులో 66,400 మంది గ్రీస్ నుంచి. హంగరీ, చెక్, రొమేనియాతోపాటు స్లొవేకియా కూడా వ్యతిరేకంగా ఓటేసింది. అప్పు విషయంలో ఒక్కో వ్యాట్ శాతం దగ్గర, ఒక్కో పెన్షన్ నిబంధన దగ్గర గడువులు పెట్టి చట్టాలు చేయించిన అదే ఐరోపా, ఇక్కడ తన నిర్ణయాన్ని తనే అమలు చేయించుకోలేకపోయింది. ఏడాది ముగిసేసరికి గ్రీస్ నుంచి ఆ పద్ధతిలో ఇంకో దేశానికి వెళ్ళినవాళ్ళు వంద మంది కూడా లేరు.

మిగతావాళ్ళు ఉత్తరాన ఇడోమెని అనే చిన్న ఊరి దగ్గర సరిహద్దు దాటి, బాల్కన్ దేశాల మీదుగా జర్మనీ వైపు నడిచారు. నవంబర్‌లో సరిహద్దుకు అవతలి దేశాలు సిరియా, ఇరాక్, అఫ్గానిస్తాన్ వాళ్ళను తప్ప ఇంకెవర్నీ రానివ్వమన్నాయి. ఆ నెలలోనే ఐరోపా తనిఖీ బృందాలు గ్రీస్ సరిహద్దుల్ని పరిశీలించాయి. 2016 జనవరిలో ఐరోపా కమిషన్ ముసాయిదా నివేదిక బయటికొచ్చింది. గ్రీస్ తన బాధ్యతల్ని తీవ్రంగా నిర్లక్ష్యం చేసిందని అందులో ఉంది. లోపాలు సరిచేయకపోతే మిగతా దేశాలు మామూలుగా తనిఖీలుండని తమ మధ్య సరిహద్దుల్లో రెండేళ్ళ దాకా తనిఖీలు పెట్టుకునే దారి కూడా ఆ నివేదికతోనే తెరుచుకుంది.